గుడి ముందు అంగడి ఎవరిది?

శ్రీశైలం మల్లన్న గుడికి పోయే దారి పొడవునా అంగళ్లే. విభూతి పొట్లాలు, రుద్రాక్ష మాలలు, పసుపు, కుంకుమ, ఇత్తడి దీపాలు, దేవుడి పటాలు, పిల్లలు మారాం చేసి కొనిపించుకునే బొమ్మలు. యాత్రికులు రుద్రాక్ష అసలుదా నకిలీదా అని నాలుగుసార్లు తిప్పి చూస్తారు, ధర దగ్గర గీచి గీచి బేరమాడతారు. అమ్మేవాడి మతమేమిటని మాత్రం అడగరు. ఈ అంగళ్లలో కొన్నిటిని ఏళ్ల తరబడి ముస్లింలు నడుపుతూ వచ్చారు.

2015 నవంబర్ 9న ప్రభుత్వం 426వ నంబరు జీవో తెచ్చింది. దేవాదాయ శాఖ కిందికొచ్చే గుళ్ల దుకాణాలకు, స్థలాలకు జరిగే లీజు వేలంపాటల్లో హిందువులు కానివాళ్లు పాల్గొనకూడదన్నది దాని సారాంశం. వ్యాపారులు హైకోర్టుకు వెళ్లారు. 2019 సెప్టెంబర్‌లో వాళ్ల వాదన అక్కడ వీగిపోయింది. సుప్రీంకోర్టుకు పోయారు. మతం కారణంగా ఎవరినీ వేలంపాట నుంచి గానీ లీజు నుంచి గానీ తప్పించరాదని 2021 డిసెంబర్ 17న ఆ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

జీవోను సమర్థించేవాళ్లు చెప్పేది తీసిపారేయదగ్గ మాటేమీ కాదు. స్థలం గుడిది, ఆదాయం గుడిది, తన వ్యవహారాలు తాను చక్కబెట్టుకునే హక్కు మతసంస్థకు రాజ్యాంగంలోని 26వ అధికరణం ఇచ్చింది అంటారు. ఎదుటివాళ్లు పూజ వేరు, వ్యాపారం వేరు అంటారు. గర్భగుడిలో ఎవరు అర్చన చేయాలన్నది మతం విషయం, గుడి బయట బొమ్మలెవరు అమ్మాలన్నది బతుకుదెరువు విషయమన్నది వాళ్ల వాదన. 2022 మార్చిలో ఇలాంటి పేచీయే కర్ణాటకలో జాతరల దగ్గర లేచింది. అక్కడా 2002 నాటి దేవాదాయ నిబంధన ఒకదాన్ని చూపించి ముస్లిం వ్యాపారులను చాలా చోట్ల పక్కకు తప్పించారు.

ఇంత గొడవలోనూ తేలాల్సింది ఎవరి దేవుడు గొప్ప అన్నది కాదు. పాటలో ఎవరు నిలబడొచ్చు, అంగడి ఎవరికి దక్కుతుంది అన్నదే. మత ఘర్షణలుగా పేరుపడ్డవాటిని విప్పి చూస్తే అడుగున చాలాసార్లు ఇలాంటివే కనిపిస్తాయి. ఒక స్థలం, ఒక దారి, ఒక అద్దె, ఒక పదవి. మతం వాటిమీద తరవాత వచ్చి కూర్చుంటుంది. వచ్చాక మాత్రం సులువుగా లేవదు.

అందరూ మల్లన్న భక్తులే

అదే శ్రీశైలంలో 2022 మార్చి 30 రాత్రి. ఉగాదికి ఇంకా మూడు రోజులుంది. ఏటా ఉగాదికి కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి లక్షల్లో భక్తులు వస్తారు. చాలామంది కాలినడకన నల్లమల దాటి వస్తారు. భ్రమరాంబ తమ ఆడపడుచన్నది కన్నడ భక్తుల నమ్మకం. అందుకే చీర, సారె పట్టుకొస్తారు. ఆ రాత్రి ఒక టీ అంగడి దగ్గర మాటా మాటా పెరిగింది. ఒక కన్నడ యువకుడి మీద గొడ్డలి దెబ్బ పడింది. కబురు క్షణాల్లో సత్రాలకు, గుడారాలకు పాకింది. గుంపులు గుంపులుగా వచ్చిన యువకులు కనబడ్డ అంగళ్లను పగలగొట్టారు, వాహనాలను ధ్వంసం చేశారు. తెల్లారేసరికి దారంతా చిందరవందర.

ఈ గొడవలో హిందూ, ముస్లిం అన్న మాటే లేదు. ఆ రాత్రి జనం చీలింది భాషను బట్టి, ఊరిని బట్టి. మిగతాదంతా మత ఘర్షణల్లో జరిగేదే. చిన్న తగాదా, ఒకరికి దెబ్బ, కబురు పాకేకొద్దీ పెరగడం, దెబ్బ కొట్టినవాడు దొరక్కపోతే వాడి వైపువాడని తోచినవాడి మీద పడటం. ఒక మనిషి చేసిన పనికి ఒక సమూహాన్నంతా బాధ్యుల్ని చేయడం ఎక్కడ మొదలైతే అక్కడ తగాదా అల్లరిగా మారుతుంది.

ఇంకా వెనక్కి పోతే, గుడి ముఖమండపం స్తంభాల మీద 1512 నాటి శాసనం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు పట్టానికొచ్చి మూడేళ్లయినా నిండని రోజులవి. శాంతుడి కొడుకు లింగడనే వీరశైవ నాయకుడు మల్లికార్జునుడికి చేసిన సేవలను అది చెబుతుంది. శ్వేతాంబర జైనుల తలలు నరకడాన్ని కూడా ఆయన ఘనతల్లోనే లెక్కవేస్తుంది. ఇప్పుడు జైనులకూ వీరశైవులకూ మధ్య తెలుగునేల మీద పేచీ ఉందంటే ఎవరూ నమ్మరు. ఒకనాడు తలలు తెగేదాకా పోయిన పగ తరవాతి తరాలకు గుర్తే లేకుండా పోయింది. శత్రుత్వం శాశ్వతమని, రక్తంలోనే ఉందని చెప్పేవాళ్లకు ఈ రాతిస్తంభాలే జవాబు. పాతకాలంలో అందరూ కలిసిమెలిసి ఉన్నారని మురిసిపోయేవాళ్లకూ అవే జవాబు.

దారి, మైకు, రాయి

శ్రీశైలానికి నడిచిపోయే శివస్వాములకు ఆత్మకూరు తెలియకుండా ఉండదు. అక్కడి నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుకుంటారు. ఆ ఆత్మకూరులో 2022 జనవరి 8న ఒక మసీదు కట్టడం మీద గొడవ రేగింది. అనుమతి లేకుండా కడుతున్నారని బీజేపీ నాయకులు అడ్డం వెళ్లారు. రెండు వర్గాలూ ఎదురుపడ్డాయి. ఒక నాయకుడి కారు మీద దాడి జరిగింది, గుంపు పోలీసు స్టేషన్ మీదికి వచ్చింది, పోలీసులు గాల్లోకి కాల్పులు జరపాల్సి వచ్చింది.

మూడు నెలలకు, ఏప్రిల్ 16న, కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న హొళగుందలో హనుమజ్జయంతి ఊరేగింపు. డీజేతో పోతున్న ఊరేగింపు మసీదు దగ్గరికి వచ్చింది. పాటల మీద అభ్యంతరం, నినాదాలకు ప్రతినినాదాలు, ఆ తరవాత రాళ్లు. పదిహేను మంది దాకా గాయపడ్డారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీ జహంగీర్‌పురీలో, ఆరు రోజుల ముందు శ్రీరామనవమి నాడు మధ్యప్రదేశ్ ఖర్‌గోన్‌లో ఇదే వరుసలో అల్లర్లు జరిగాయి.

ఇవి కొత్తగా పుట్టినవి కావు. 1882లో మద్రాసు ప్రెసిడెన్సీలోని సేలంను కుదిపేసిన అల్లర్లకు కారణం కూడా ఊరేగింపు దారిలో ఉన్న మసీదు, దాని ముందు మోగే వాయిద్యాలే. రోడ్డు మీద మతపరమైన ఊరేగింపు తీసే హక్కు గురించి నేటికీ కోర్టుల్లో చెప్పుకునే ప్రివీ కౌన్సిల్ తీర్పు 1924 నాటిది. వాయిద్యాలతో పోయే హక్కు ఉంది, అయితే ట్రాఫిక్‌కు అడ్డు రాకుండా, మేజిస్ట్రేటు ఆజ్ఞలకు లోబడి అని ఆ తీర్పు తేల్చింది. చిత్రమేమిటంటే ఆ కేసులో రెండు వైపులా ముస్లింలే. షియాల మొహర్రం ఊరేగింపు తమ మసీదు పక్కన ఆగి మాతం చేయడానికి సున్నీలు ఒప్పుకోకపోవడంతో అది లండన్ దాకా పోయింది.

అప్పటికీ ఇప్పటికీ తేడా శబ్దంలో, వేగంలో వచ్చింది. మేళతాళాల చోట డీజే పెట్టెలు వచ్చాయి. భజన పాటల చోట ఎదుటివాళ్లను రెచ్చగొట్టేందుకే కట్టిన పాటలు వచ్చాయి. ఒకప్పుడు పుకారు పక్క ఊరికి చేరాలంటే బస్సెక్కాలి. ఇప్పుడు ఎక్కడో, ఎప్పుడో తీసిన వీడియో మన ఊరిదేనన్న మాటతో అయిదు నిమిషాల్లో ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతుంది. ఊరేగింపులో చిందేసే కుర్రవాడికి, రాయి పట్టుకున్న కుర్రవాడికి వయసులో, ఖాళీ సమయంలో, చేతిలో పనిలేకపోవడంలో పెద్ద తేడా ఉండదు. తరవాత కేసుల్లో ఇరుక్కుని కోర్టు చుట్టూ తిరిగేదీ వాళ్లే. ఉసిగొల్పినవాళ్లు ఆ వరండాల్లో అరుదుగా కనిపిస్తారు.

లెక్కలు తీసినవాళ్లు ఏం చెప్పారు?

కొన్ని ఊళ్లు ఎందుకు తగలబడతాయి, పక్కనే ఉన్న ఊళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్ణేయ ఈ ప్రశ్న పట్టుకుని 1950 నుంచి 1995 దాకా దేశంలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్ల లెక్క తీశారు. చనిపోయినవాళ్లలో పల్లెల్లో చనిపోయింది నూటికి నలుగురి లోపే. మొత్తం మరణాల్లో సగానికి కాస్త తక్కువ ఎనిమిది నగరాల్లోనే జరిగాయి. వాటిలో హైదరాబాద్ ఒకటి.

ఆయన అలీగఢ్‌ను కాలికట్‌తో, హైదరాబాద్‌ను లక్నోతో జతగా పెట్టి చూశారు. జనాభాలో ముస్లింల వాటా దగ్గరదగ్గరగా ఉన్నా ఒకచోట అల్లర్లు, ఇంకోచోట శాంతి. తేడా ఎక్కడుందంటే, శాంతిగా ఉన్న ఊళ్లలో రెండు మతాలవాళ్లూ కలిసి నడిపే వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, గ్రంథాలయాలు, పార్టీ శాఖలు బలంగా ఉన్నాయి. పల్లెలో పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోవడమే చాలావరకు కాపాడుతుంది. నగరంలో ఆ పలకరింపులు చాలవు, కలిసి నడిపే సంస్థలు కావాలి అన్నది ఆయన తేల్చిన విషయం.

ఇంకో రాజనీతి శాస్త్రవేత్త స్టీవెన్ విల్కిన్సన్ ఇదే ప్రశ్నకు ఎన్నికల వైపు నుంచి జవాబు వెతికారు. అల్లర్లు ఆగడం, ఆగకపోవడం పోలీసులను నడిపే రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. ఆ ప్రభుత్వానికి మైనారిటీల ఓట్లు అవసరమైనచోట అల్లరి గంటల్లో అణిగిపోతుంది. అవసరం లేనిచోట సాగుతుంది. ఆత్మకూరు, హొళగుంద గొడవలు ఆయా ఊళ్ల పొలిమేర దాటకపోవడంలో పోలీసులు త్వరగా దిగడానికీ భాగం ఉంది.

మూడో పరిశోధన నేరుగా అంగళ్ల దగ్గరికే తీసుకెళుతుంది. సౌమిత్ర ఝా పశ్చిమ, తూర్పు తీరాల్లోని మధ్యయుగపు రేవు పట్టణాలను పరిశీలించారు. 1850 నుంచి 1950 వరకు అక్కడ అల్లర్లు జరిగే అవకాశం మిగతా ఊళ్లకంటే అయిదు రెట్లు తక్కువని తేలింది. ఆ రేవుల్లో ముస్లింలు చేసింది హజ్ యాత్రతో ముడిపడ్డ సముద్ర వ్యాపారం. దాన్ని వేరేవాళ్లు లాక్కోలేరు, అనుకరించలేరు. ఒకరి సరుకు ఇంకొకరికి కావాలి. అందుకే కలిసి బతకడంలో ఇద్దరికీ లాభం ఉంది.

రాయలసీమ పాత ఊళ్లలోనూ పనులు అలాగే పంచుకుని ఉండేవి. దూదేకులవాళ్లు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు, ఎద్దులకు లాడాలు కొట్టేది సాయిబులు. రైతు ఇంటికి వాళ్లు కావాలి, వాళ్లకు రైతు కావాలి. ట్రాక్టరు వచ్చింది, ఫ్యాక్టరీ పరుపు వచ్చింది, ఆ పనులు పోయాయి. ఇప్పుడు అందరూ అదే బస్టాండు పక్క అంగడికి, అదే ఆటో స్టాండులో చోటుకు, అదే లీజు పాటకు పోటీ పడాల్సిందే. ఇచ్చిపుచ్చుకోవడం పోయి పోటీ మిగిలినప్పుడు ఎదుటివాణ్ణి పక్కకు తప్పించడానికి మతం చాలా చవకగా దొరికే సాధనమైంది.

దేవుని కడపలో ఉగాది

ఇదే సీమలో ఇంకో ముఖం కూడా ఉంది. ఉగాది పొద్దున దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి వెళితే దర్శనం వరుసలో బుర్ఖా వేసుకున్న ఆడవాళ్లు కొబ్బరికాయ, పూలు పట్టుకుని నిలబడి ఉంటారు. వెనక టోపీ పెట్టుకున్న పెద్దాయన చేతిలో మనవడు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, వేంకటేశ్వరుడు అల్లుడు అని వాళ్ల తరతరాల నమ్మకం. కొత్త సంవత్సరం మొదటి రోజు అల్లుణ్ణి చూసి పోవడం ఆనవాయితీ. 2025లో ఉగాది మార్చి 30న వస్తే రంజాన్ పండుగ ఆ మర్నాడే వచ్చింది.

అదే కడపలో అమీన్ పీర్ దర్గాకు వచ్చేవాళ్లలో హిందువులు తక్కువేమీ ఉండరు. ఒంటిమిట్ట రామాలయం దగ్గర ఇమాంబేగ్ బావి ఉంది. పిలిస్తే మీ దేవుడు పలుకుతాడా అని అడిగిన ముస్లిం అధికారికి లోపలి నుంచి ఓ అన్న పలుకు వినిపించిందని, ఆయన గుడికి బావి తవ్వించాడని జనం చెప్పుకుంటారు. మంత్రాలయం ఉన్న మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ అని మఠ చరిత్ర చెబుతుంది. పోతులూరి వీరబ్రహ్మం ముఖ్యశిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటి పిల్లవాడు.

ఇక పీర్ల పండుగ. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో ఆంజనేయస్వామి గుడి పక్కనే కుళ్లాయిస్వామి పీర్ల చావిడి. మొహర్రం నాడు గుండం తొక్కేవాళ్లలో, చక్కెర చదివింపులు చేయించేవాళ్లలో హిందువులే ఎక్కువ కనిపిస్తారు. మొక్కు తీరి పుట్టిన బిడ్డకు కుళ్లాయప్ప, హుస్సేనప్ప, ఫక్కీరప్ప అని పేరు పెట్టుకున్న రైతు కుటుంబాలు సీమ అంతటా ఉన్నాయి.

వ్యాసాలూ ప్రసంగాలూ ఇక్కడే ఆగిపోతుంటాయి. చూడండి, మనం ఎంత కలిసి ఉన్నామో అని. అయితే పీర్ల పండుగ చేసే ఊళ్లున్న సీమలోనే హొళగుంద కూడా ఉంది. ఉమ్మడి మొక్కుబడులు ఎదుటివాడి మీద భయం తగ్గిస్తాయి, పరిచయం పెంచుతాయి. రాయి గాల్లో ఉన్నప్పుడు దాన్ని ఆపలేవు. పైగా ఇటీవల రెండు వైపుల నుంచీ వీటిమీద ఒత్తిడి పెరుగుతోంది. దర్గాకు పోవద్దని ఒకరు చెబుతున్నారు. గుడికి పోవడం, పీర్లను మొక్కడం మతానికి విరుద్ధమని ఇంకొకరు చెబుతున్నారు. ఉన్నదాన్ని మెచ్చుకుని ఊరుకుంటే నిలబడదు.

ముందే కూర్చోవడం

ముంబై పక్కన మరమగ్గాల పట్టణం భివండీ. 1970లో, 1984లో అక్కడ ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1988 తరవాత అక్కడ డీసీపీగా పనిచేసిన సురేశ్ ఖోపడే వాడవాడకూ మొహల్లా కమిటీలు పెట్టించారు. రెండు మతాలవాళ్లూ, వాళ్లతోపాటు ఒక పోలీసు అధికారీ కూర్చునేవాళ్లు. పండుగలప్పుడే కాదు, మామూలు రోజుల్లోనూ. నల్లా దగ్గర తగాదా, అద్దె బాకీ, ఆడపిల్లను ఏడిపించారన్న ఫిర్యాదు, ఏదైనా అక్కడే తేల్చుకునేవాళ్లు. చిన్నవి చిన్నగా ఉన్నప్పుడే తీరిపోయేవి, ఎదుటివాడి ఫోన్ నంబరు ఇవతలివాడి దగ్గర ఉండేది. 1992 డిసెంబర్, 1993 జనవరిలో ముంబైలో 900 మంది చనిపోయారు. భివండీ ప్రశాంతంగా ఉంది.

హైదరాబాద్ నుంచి ఇంకో ఉదాహరణ. చాంద్రమాన లెక్క వల్ల ముస్లిం పండుగలు ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. 2023 సెప్టెంబర్ 28న వినాయక నిమజ్జనం, మీలాద్ ఉన్ నబీ ఒకే రోజు పడ్డాయి. మీలాద్ ఊరేగింపు కమిటీ తమ జులూస్‌ను అక్టోబర్ 1కి వాయిదా వేసుకుంది. 2024లో నిమజ్జనం సెప్టెంబర్ 17న వస్తే జులూస్ 19న తీశారు. పండుగ ఎవరూ వదులుకోలేదు. రోడ్డు ఏ రోజు ఎవరిదో ముందే మాట్లాడుకున్నారు.

మన మండలాల్లోనూ శాంతి కమిటీలు ఉన్నాయి. వినాయక చవితికి, బక్రీదుకు ముందు స్టేషన్లో ఒక సమావేశం, టీ, బిస్కెట్, ఒక ఫొటో. పిలిచేది రెండు వైపులా పెద్దమనుషుల్నే. ఊరేగింపు ముందు చిందేసే కుర్రవాళ్లకు ఆ కమిటీ ఉందని కూడా తెలియదు. అంగళ్ల సంఘంవాళ్లు, ఆటోవాళ్లు, డీజే అద్దెకిచ్చేవాళ్లు, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లు, వాడలో నలుగురితో మాటున్న ఆడవాళ్లు ఆ గదిలో ఉంటే సమావేశం వేరేగా ఉంటుంది. ఏడాది పొడవునా నెలకోసారి కూర్చుంటే ఇంకా వేరేగా ఉంటుంది.

చట్టాలకు కరువు లేదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు వద్దన్న శబ్ద కాలుష్య నిబంధనలు 2000లోనే వచ్చాయి. వర్గాల మధ్య ద్వేషం రగిలించడం అప్పటి ఐపీసీ 153ఏ కింద, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 196 కింద నేరం. 1947 ఆగస్టు 15 నాటికి ప్రార్థనా స్థలాలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచాలని 1991 చట్టం చెబుతోంది. గుడి మైకుకు ఒక న్యాయం, మసీదు మైకుకు ఒక న్యాయం అన్న అనుమానం వచ్చిన చోట ఈ చట్టాల విలువ పోతుంది. మసీదుకైనా, గుడికైనా, చర్చికైనా కట్టడానికి అనుమతి ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకే పద్ధతిలో, ఒకే గడువులో తేల్చి, అది అందరికీ తెలిసేలా నోటీసు బోర్డు మీద పెడితే ఆత్మకూరు లాంటి గొడవల్లో సగం ఆఫీసులోనే తేలిపోతాయి.

2027లో మహాశివరాత్రి మార్చి 6న వస్తోంది. రంజాన్ ఉపవాసాల చివరి రోజులవి. శ్రీశైలం పోయే శివస్వాములు ఆత్మకూరు వీధుల్లో నడిచే వేళ, ఊళ్లోని మసీదుల్లో ఇఫ్తారుకు, రాత్రి తరావీ నమాజుకు జనం నిండే వేళ ఒకటే అవుతాయి. నడిచేవాళ్ల దారి ఏది, బండ్లు ఎక్కడ ఆపాలి, అన్నదానం పందిళ్లు ఎక్కడ వేయాలి, మైకులు ఏ గంటకు కట్టేయాలి, తాగునీటి ట్యాంకర్లు ఎవరు చూసుకోవాలి అన్నవి తేల్చడానికి ఆ మండల అధికారులకు, రెండు మతాల కమిటీలకు ఇప్పటి నుంచే వ్యవధి ఉంది.